ఖాళీ కవర్లు ఎక్కడమ్మా?

చిట్టితల్లికి తాతయ్య ఆశీస్సులు.

 

నువ్వు మీ అమ్మకి పంపిన ఫొటో మొన్న ఆదివారం తాతయ్య దాకా వచ్చింది. కోస్టారికాలో శాన్ వీటో దగ్గర కొండవాలు, మోకాలెత్తు గడ్డి, బురద బూట్లు, మొహం నిండా నవ్వు. కింద నువ్వు రాసిన ముక్క: "పదిమందిమి కలిసి ఒక్క పూటలో ఆరొందల మొక్కలు నాటాం." ఇల్లంతా మురిసిపోయింది. పెద్దమావయ్య తనకున్న వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపేశాడు. తాతయ్య మాత్రం కళ్లజోడు తుడుచుకుని, ఫొటోని వేళ్లతో పెద్దది చేసుకుని, ఆ మూల నుంచి ఈ మూల దాకా వెతికాడు. ఆరొందల మొక్కలు నాటిన చోట ఆరొందల ఖాళీ నర్సరీ కవర్లు కుప్పగా పడి ఉండాలి కదా. ఒక్కటీ కనబడలేదు.

"ఎవరో ఏరి గోనెసంచిలో వేసుంటారు లెండి, పడుకోండి" అంది అమ్మమ్మ. వేసే ఉండొచ్చు. కానీ మొక్కల మధ్య పుట్టి పెరిగినవాడికి ఇలాంటి అనుమానం ఒకసారి పట్టుకుంటే ఊరికే పోదు. అందుకే ఈ ఉత్తరం. మీ అమ్మ దీన్ని ఫోనుతో ఫొటోలు తీసి పంపుతానంది. నిదానంగా చదువుకో.

పూటకి ఆరొందలంటే మనిషికి అరవై. నాలుగు గంటల పనైతే మొక్కకి నాలుగు నిమిషాలు. గోతులు ముందే తీసి ఉంటే ఆ నాలుగు నిమిషాలూ చాలు, కాదనేది లేదు. అయితే బురద చేతులతో, పక్కవాడు పది మొక్కలు ముందున్నాడని చూసుకుంటూ పనిచేసే పిల్లలు తొందరలో ఏ పని ఎగ్గొడతారో నర్సరీలో ఎవర్నడిగినా చెబుతారు. కవరు విప్పడం ఎగ్గొడతారు. లేదా పైన కాస్త చింపి, అది చాల్లే అనుకుని గోతిలో దించేస్తారు.

ముసలాయనకి కవరు పిచ్చి పట్టిందని నవ్వకు. మన కడియం నర్సరీల బతుకంతా ఆ నల్ల ప్లాస్టిక్ కవరు మీదే నడుస్తోంది. కాలవ గట్టు పొడుగునా కడియపులంక, వేమగిరి, బుర్రిలంక, ఎక్కడ చూసినా ఆడవాళ్లు నీడపట్టున కూర్చుని కవర్లలో మట్టి నింపుతూ కనబడతారు. కవరు లేకపోతే ఇక్కడి మొక్క ఒడిశా వెళ్లదు, హైదరాబాదూ వెళ్లదు. కానీ కవరు ప్రయాణానికి మాత్రమే.

అందులో ఉన్నన్నాళ్లూ వేరు దారి వెతుక్కుంటుంది. గోడ తగిలితే పక్కకి తిరుగుతుంది. మళ్లీ గోడే. అలా తిరిగి తిరిగి అడుగున చుట్టలు పడుతుంది. కిందికి దిగాల్సిన తల్లివేరు మడతపడి పైకి లేస్తుంది. దాన్ని అలాగే పాతేస్తే మొక్క చావదు, అదే అసలు మోసం. ఆకు వేస్తుంది, నీడనిస్తుంది, ఫొటోకి నిలబడుతుంది. కింద వేరు మాత్రం ఆ చుట్టలోనే లావెక్కుతూ, తనని తానే నొక్కుకుంటూ ఉంటుంది. ఏడేళ్లకో పదేళ్లకో ఒక గాలివాన వచ్చినప్పుడు బయటపడుతుంది.

2014 అక్టోబరు 12న విశాఖ మీద హుద్‌హుద్ తుఫాను పడింది. మీ చిన్నత్తయ్య వీధిలో తురాయి చెట్టు కూలి కారు నలిగిన కథ నీకు తెలిసిందే, మళ్లీ ఎత్తితే మావయ్యకి కోపం. తర్వాత వెళ్లినప్పుడు అందరూ కారు చుట్టూ మూగితే తాతయ్య చెట్టు మొదట్లో చేరాడు. వేళ్లన్నీ తలపాగా చుట్టినట్టు గుండ్రంగా ఉన్నాయి, మధ్యలో నల్ల ప్లాస్టిక్ పేలిక. అంత గాలికి మంచి వేరున్న చెట్లూ పడ్డాయి, నిజమే. ఇది మాత్రం నాటిన రోజే సగం పడిపోయిన చెట్టు. ఎవరు నాటారో, ఎవరి చేత నాటించారో ఎవరికి తెలుసు? నాటిన రోజు వాళ్లూ ఫొటో దిగే ఉంటారు.

కాబట్టి పని ఇలా జరగాలి. ముందు రోజు సాయంత్రం కవర్లకి తడిపెట్టాలి. పొడిగా ఉంటే మట్టిముద్ద చేతిలోనే విరిగిపోతుంది. కవరుని పడుకోబెట్టి బ్లేడుతో నిలువునా రెండు పక్కలా కొయ్యాలి. అడుగున అంగుళం మందం, మట్టితో సహా, తెగ్గోసెయ్యాలి. చుట్టపడ్డ వేరంతా అక్కడే ఉంటుంది, జాలిపడకూడదు. పక్కల అంటుకున్న వేళ్లని వేలితో విడదీయాలి, విడకపోతే కత్తిరించాలి. కవర్లో మట్టి ఎంత దాకా ఉందో గోతిలోనూ అంతే దాకా ఉండాలి. మొదలు పూడితే కుళ్లు పడుతుంది. తర్వాత మడమతో చుట్టూ అదిమి, ఖాళీ కవరు జేబులో పెట్టుకోవాలి. నేల మీద పడెయ్యకూడదు, తల్లీ, జేబులోనే.

తాతయ్య కుర్రతనంలో నర్సరీలో ఒక పెద్దమేస్త్రి ఉండేవాడు. రోడ్డు పక్కన మొక్కలు వేసే పని ఒప్పుకుంటే సాయంత్రం ఖాళీ కవర్లు లెక్కపెట్టి కూలి ఇచ్చేవాడు. ఎన్ని కవర్లు తెస్తే అన్ని మొక్కలకి కూలి, అదీ అడుగు తెగిన కవరైతేనే. ఒక తెలివైన కుర్రాడు నర్సరీ చెత్తలోంచి పాతవి ఏరి, బ్లేడుతో కోసి, కట్టకట్టి పట్టుకొచ్చాడు. మేస్త్రి ఒక్కొక్క కవరూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి రెండు కుప్పలు వేశాడు. పచ్చి మట్టి వాసనవి ఇటు, పాతవి అటు. కూలి ఇటు కుప్పకే. ఆ కుర్రాడు తర్వాత సొంత నర్సరీ పెట్టి పెద్ద ఆసామి అయ్యాడు, అది వేరే కథ. ఆ మేస్త్రితోనే తాతయ్య మొదటిసారి హైదరాబాదు చూశాడు. లారీ నిండా క్రోటన్లు, పైన టార్పాలిన్, దాని మీద మనుషులు. సూర్యాపేటలో తెల్లవారుజామున లారీ ఆగితే అందరికీ చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి. మేస్త్రి ముందు మొక్కలకి నీళ్లు చల్లించి, ఆ తర్వాతే మనుషులకి టీ ఇప్పించాడు. "మీరు నోరు తెరిచి అడుగుతారు, అది అడగదు" అన్నాడు. ఆ టీ రుచి ఇప్పటికీ... సరే.

టీ మాటొచ్చింది కాబట్టి అడగాలి, నువ్వు వేళకి తింటున్నావా? అన్నమూ నల్ల చిక్కుడు గింజలూ కలిపి వేయించి పొద్దున్నే పెడతారని, దాన్ని గాల్యో పింటో అంటారని మీ అమ్మ చెప్పింది. అన్నం దొరుకుతోంది కాబట్టి అమ్మమ్మకి సగం బెంగ తీరింది. ఆవకాయ అయిపోయి ఉంటుంది, దానికి ఇక్కడి నుంచి చేయగలిగిందేం లేదు.

వెంకట్రామన్నగూడెం ఉద్యాన వర్సిటీలో చదివే పక్కింటి కుర్రాడు మీ కోస్టారికా మీద కాగితాలు ప్రింటు తీసి తెచ్చిపెట్టాడు. తాతయ్య నాలుగు రాత్రులు చదివించుకుని విన్నాడు. నువ్వు వెళ్లిన చోటు మామూలు చోటు కాదు. 1940లలో ఆ దేశంలో ముప్పావు వంతు అడవేనట. పశువుల పెంపకానికి చవకగా అప్పులు దొరికాయి, అమెరికా వాళ్లు గొడ్డుమాంసం కొన్నారు. దాంతో అడవి కొట్టి మేతబీళ్లు చేసేశారు. 1980లకల్లా మిగిలిన అడవి పావు వంతుకి అటూ ఇటూగా. ఇప్పుడు మళ్లీ దేశంలో సగానికి పైగా చెట్లే. ఎలా వచ్చిందీ అడవి? మీలాంటి పిల్లలు వెళ్లి నాటితే వచ్చిందనుకుంటున్నావేమో. నాటింది కొంతే. మాంసం ధర పడిపోయాక చాలామంది బీళ్లు వదిలేశారు, అడవి తనంతట తాను వచ్చింది. 1996లో అటవీ చట్టం తెచ్చి అడవి కొట్టి పొలం చెయ్యడాన్ని నిషేధించారు. ఉన్న అడవిని కాపాడుకునే రైతుకి పెట్రోలు, డీజిలు మీద పన్నులోంచి డబ్బిచ్చారు. నాటడానికీ ఇచ్చారు గానీ, ఎక్కువ సొమ్ము కాపాడినవాళ్లకే వెళ్లింది.

ఇంకో విడ్డూరం విను. దేశానికి ఉత్తరాన గ్వానకాస్టేలో డానియల్ జాన్జెన్, విన్నీ హాల్వాక్స్ అనే శాస్త్రవేత్త దంపతులు ఎండు అడవిని బతికించే పని పెట్టుకున్నారు. 1990లలో ఒక నారింజ రసం కంపెనీతో బేరం కుదిరింది. ఆ కంపెనీ తన అడవి కొంత ఇచ్చేస్తే, తొక్కలన్నీ పాడుపడ్డ బీడులో పోసుకోవచ్చు. వెయ్యి లారీలు, 12,000 టన్నుల తొక్కలు, మూడు హెక్టార్ల నేల. పోటీ కంపెనీ కోర్టుకెక్కింది, చెత్త పోస్తున్నారంది, సుప్రీంకోర్టు ఆపించింది. అందరూ మర్చిపోయారు. పదహారేళ్ల తర్వాత ప్రిన్స్‌టన్ వాళ్లు చూడ్డానికి వెళ్తే చోటు దొరకలేదు. పసుపు అక్షరాల బోర్డు తీగల్లో మునిగిపోయింది. పక్కనున్న తొక్కలు పడని బీడుతో పోలిస్తే చెట్ల బరువు 176 శాతం ఎక్కువ. 2017లో ఆ లెక్క అచ్చయింది. అక్కడ ఎవరూ ఒక్క మొక్కా నాటలేదు. కాబట్టి ఒక్క కవరూ లేదు.

నాటొద్దని కాదు తాతయ్య చెప్పేది. నాటి బతికేవాడు నాటొద్దని ఎందుకంటాడు? మీ శాన్ వీటోకి కొద్ది కిలోమీటర్లలోనే లాస్ క్రూసెస్ అనే పరిశోధన కేంద్రం ఉంది. ఒక సెలవు రోజు వెళ్లి చూడు, ముందే అడిగి వెళ్లు. కరెన్ హోల్, రాకన్ జహావి అనే ఇద్దరు ఆ చుట్టుపక్కల పాత మేతబీళ్లలో 2004 నుంచి ఒక పరీక్ష నడిపారు. యాభై మీటర్ల పొడవు, యాభై మీటర్ల వెడల్పు మడులు. ఒక మడిలో వరసలుగా 313 మొక్కలు. ఇంకో మడిలో అక్కడక్కడా గుంపులుగా 86 మాత్రమే. మూడోది ఖాళీగా వదిలేశారు. నాటినవి నాలుగే జాతులు. అందులో ఇంగా, ఎరిత్రినా చిక్కుడు కుటుంబానివి, నేలకి నత్రజని పట్టిస్తాయి. పదేళ్లు దాటాక చూస్తే 86 నాటిన చోట కొత్తగా మొలిచిన అడవి, 313 నాటిన చోటికి దాదాపు సమానంగా ఉంది. గుంపు నీడకి పక్షులూ గబ్బిలాలూ వచ్చి వాలాయి, గింజలు అవే తెచ్చాయి. ఆ గింజలకి తల్లివేరు తిన్నగా కిందికి దిగుతుంది, గమనించు.

ఇంకో మాట కూడా ఆ కాగితాల్లోనే ఉంది, నీ చెవిన వెయ్యాల్సింది అదే. రెండేళ్లకి పైగా ఆ మడుల్లో కత్తులతో గడ్డి నరుకుతూనే ఉన్నారు. ఆ బీళ్లలో ఆఫ్రికా నుంచి మేత కోసం తెచ్చిన బ్రాకియేరియా గడ్డి ఉంది. మన గేదెలకి వేసే పారాగడ్డికి దాయాది. ఏడాదికి మూడున్నర మీటర్ల వాన పడేచోట, అంటే మన గోదావరి జిల్లాల వానకి మూడింతలు, ఆ గడ్డి ఎంత వేగంగా లేస్తుందో ఊహించుకో. మీరు నాటిన ఆరొందలకీ అసలు శత్రువు అదే. మీ సెమిస్టర్ డిసెంబరులో అయిపోతుంది. అక్కడ వానలూ అప్పుడే తగ్గుముఖం పడతాయి. జనవరిలో ఆ గడ్డి ఎవరు కోస్తారు? ఈ ప్రశ్న అక్కడ అడిగావా?

అడగడానికి మొహమాటపడకు. శ్రీలంకలో 2004 సునామీ తర్వాత ఒడ్డుకి రక్షణ అని మడ మొక్కలు విరగబడి నాటారు. డబ్బొచ్చింది, స్వచ్ఛంద సంస్థలొచ్చాయి, బడి పిల్లలొచ్చారు. ఏళ్ల తర్వాత అక్కడి శాస్త్రవేత్తలు 23 చోట్లకి వెళ్లి లెక్కచూశారు. తొమ్మిది చోట్ల ఒక్క మొక్కా మిగల్లేదు. వెయ్యి హెక్టార్లకి పైగా నాటితే నిలిచింది సుమారు రెండొందలు. కొన్ని మొక్కలకి తగని చోటు, కొన్నిటిని పశువులు తొక్కాయి, నాటినవాళ్లు మళ్లీ వచ్చి చూడకపోవడం చాలాచోట్ల జరిగింది. 

కెన్యాలో వంగారీ మాతాయ్ పద్ధతి వేరు. 1977లో నైరోబీ పార్కులో ఏడు మొక్కలతో మొదలుపెట్టింది, వాటిలో నిలిచినవి రెండే. తర్వాత పల్లెల్లో ఆడవాళ్లకి నారు పెంచడం నేర్పి, బతికిన మొక్కకే డబ్బులిచ్చింది. చిన్న మొత్తమే, కానీ బతికితేనే. 2004లో ఆమెకి నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. ఆమెకీ మన మేస్త్రికీ ఒకరి గురించి ఒకరికి తెలియదు గానీ, కలిసుంటే కబుర్లు బాగా సాగేవి. మన ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి వనజీవి రామయ్య ఇంకా సులువు మార్గం పట్టాడు. సైకిలు మీద తిరుగుతూ గింజలు చల్లాడు, మొక్కలూ పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2025 ఏప్రిల్‌లో పోయాడు. గింజ జల్లితే కవరు బాధే లేదు.

నువ్వున్న చోటా కవరు బాధ లేని చెట్టు ఒకటుంది, దారిలో వెతుకు. కోస్టారికా పల్లెల్లో కంచె రాటలు చిగుళ్లేస్తాయట. అవి గ్లిరిసిడియా కొమ్మలు, మన రైతులు పొలం గట్ల మీద పచ్చిరొట్ట కోసం వేసే గిరిపుష్పమే. పుట్టిల్లు మీ వైపే. మునగ కొమ్మ పాతినట్టు మనిషెత్తు కొమ్మ కొట్టి పాతేస్తే వేళ్లేస్తుంది. మన రోడ్ల మీది నిద్రగన్నేరు కూడా ఆ ప్రాంతానిదే. బదులుగా మన టేకు అక్కడికి వెళ్లింది, పెద్ద పెద్ద తోటలే ఉన్నాయి. చూస్తే పలకరించు, కానీ దాన్ని అడవి అని మాత్రం ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఒక్క జాతి చెట్లు వరసగా నిలబెడితే అది తోట.

ఇంకొకటి మీ అమ్మతో అనలేదు, నీకే రాస్తున్నాడు తాతయ్య. ఈ మొక్కలు నాటే కార్యక్రమానికి మీరే ఎదురు డబ్బు కట్టారని విన్నాడు. కట్టండి, తప్పులేదు. కానీ ఆ డబ్బులో నర్సరీలో పనిచేసే మనిషికి ఎంత వెళ్తోంది? మీరు వెళ్లక ముందు ఆ గోతులు తీసి కూలి తీసుకున్నవాళ్లెవరు, ఇప్పుడు వాళ్లేం చేస్తున్నారు? కోపంగా అడగొద్దు, పక్కన కూర్చుని టీ తాగుతూ అడుగు. నీకు స్పానిష్ వచ్చిందిగా, ఇలాంటివాటికి వాడు. పదో తరగతిలో ఇంగ్లీషులో తొంభై ఏడు వచ్చినప్పుడు తాతయ్య వీధంతా చెప్పుకున్నాడు. నువ్వు ఆ కొండ మీద కూలీతో మాట్లాడితే అంతకంటే గట్టిగా చెప్పుకుంటాడు.

మిగిలిన వారాల్లో నాటే పని మిగతావాళ్లకి వదిలెయ్యి. కత్తి పట్టుకుని గడ్డి కొట్టే గుంపులో చేరు, అది ఫొటోకి బాగోదు, ఎవరూ పోటీకి రారు. నర్సరీలో కవర్లు నింపమంటే నింపు. ఇప్పటికే నాటిన ఆరొందల్లో ఒక పదింటిని, పెద్దవాళ్లని అడిగి, చేత్తో మట్టి తీసి చూడు. కవరు ఉంటే ఇప్పుడే తియ్యొచ్చు, నేల తడిగా ఉంది, మొక్కకి తెలియను కూడా తెలియదు. డిసెంబరు దాటితే తియ్యలేరు. ఆ పదింటిలో ఒక్కదానికైనా కవరు దొరికితే మొత్తం ఆరొందలూ చూడాలని మీవాళ్లతో చెప్పు. వినకపోతే తాతయ్య పేరు చెప్పు, కడియంలో ఒక మొండి ముసలాయన నిద్రపోవడం లేదను.

మీ తాతయ్య

తా.క.: అమ్మమ్మ పక్కనుంచి రాయమంటోంది. అక్కడ టెర్సియోపెలో అనే పింజర జాతి విషసర్పం గడ్డిలో ఉంటుందట. రబ్బరు బూట్లు లేకుండా బీడులో దిగొద్దు, వేసుకునే ముందు తలకిందులు చేసి దులుపు. ఆదివారం మీ అమ్మకి ఫోన్ చెయ్యి.